భుజం వదిలేసినవాడు

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల బజారు దాటి మిషన్ వీధిలోకి మళ్లి రూతమ్మ ఇల్లెక్కడని అడిగితే, "చెయ్యి పెట్టే రూతమ్మేనా?" అని ఎదురు అడిగి మరీ చూపించేవాళ్లు. ఆ పేరు విని, మంత్రం వేస్తుందనో తాయెత్తు కడుతుందనో ఆశపడి వచ్చినవాళ్లకు మొదటిరోజు ముఖం వాడిపోయేది. ఆమె చేసేదల్లా నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి ఊరకే కూర్చోవడం. నూనె లేదు, కట్టు లేదు, కషాయం లేదు. రుద్దదు, నొక్కదు, విరవదు. చూసేవాడికి అదొక పనిగానే కనిపించదు.

పక్క వీధిలో కుస్తీలు నేర్పే తాలింఖానాలో గఫూర్ పహిల్వాన్ ఉండేవాడు. బెణికినా, పట్టేసినా, కీలు తప్పినా జనం ముందు అతని దగ్గరికే పోయేవాళ్లు. అతను మనిషిని బోర్లా పడుకోబెట్టి మోచేత్తో వీపు మీద అదిమితే కేక వీధి చివరిదాకా వినిపించేది. కేక ఎంత పెద్దదైతే వైద్యం అంత గట్టిదని మనవాళ్ల నమ్మకం. మందు చేదుగా ఉండాలి, సూది లావుగా ఉండాలి, వైద్యుడు నాలుగు తిట్లు తిట్టాలి. అట్లాంటి ఊళ్లో మెత్తటి చెయ్యికి విలువ ఎక్కడిది? రూతక్క వైద్యం గోడకు చెయ్యి ఆనించి నిలబడినట్టు ఉంటుందని గఫూర్ నవ్వేవాడు. అయినా తన మోచేతికి లొంగని నొప్పులను అతనే గుట్టుగా ఆమె ఇంటికి పంపేవాడు. వృత్తిగర్వం వేరు, మనిషి మంచితనం వేరు.

రూతమ్మ పుట్టింది జమ్మలమడుగులో. ముత్తాతల కాలంలోనే మిషన్‌లో కలిసిన ఇల్లు. తండ్రి పాలయ్య చర్చిలో గంట కొట్టేవాడు. పదిహేడో ఏట ఆమె అక్కడ ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరింది. ఆయా అంటే దుప్పట్లు మార్చడం, వార్డు తుడవడం అనుకుంటారు గానీ, ఆ రోజుల్లో ఆమె అసలు పని పట్టుకోవడం. పల్లెల్లో బాంబులు పడినప్పుడల్లా మనుషులను ఎద్దులబండ్లలో, జీపుల్లో తెచ్చి వేసేవాళ్లు. కంపౌండరు పుండు కడుగుతుంటే వాళ్లు కొట్టుకోకుండా కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవాలి. రెండు పార్టీలవాళ్లూ ఒకే వార్డులో ఉండేవాళ్లు. ఆ కొసన ఒకడు, ఈ కొసన ఒకడు, నడుమ స్టూలు మీద కానిస్టేబులు. ఏ కొసనుంచి వచ్చినా అరుపు మాత్రం ఒక్కటే.

ఒకనాడు పొద్దున్నుంచి ఏడుగురిని పట్టుకుని పట్టుకుని ఆమె చేతుల్లో సత్తువ అయిపోయింది. ఎనిమిదోవాడు ముసలాయన. పట్టుకోలేక, అతని వీపు కింద అరచెయ్యి పెట్టి పక్కనే కూలబడింది. ఆమె రొప్పుతోంది, ముసలాయన రొప్పుతున్నాడు. కాసేపటికి ఆమె ఊపిరి నిదానించింది. దాని వెనకే ముసలాయన ఊపిరి కూడా నిదానించింది. కంపౌండరు పుండు కడిగి కట్టు కట్టేదాకా అతను కేక వేయలేదు. ఏం చేసినావని డాక్టరమ్మ అడిగితే రూతమ్మ భయపడి, ఏమీ చేయలేదమ్మా, అలిసిపోయి కూర్చున్నానని చెప్పింది. ఆ తర్వాత ఆ ఏమీ చేయకపోవడాన్ని సరిగ్గా చేయడం నేర్చుకోడానికి ఆమెకు ఇరవై ఏళ్లు పట్టింది.

దానికి చదువుకున్నవాళ్లు ఏం పేరు పెడతారో ఆమెకు తెలియదు. తెలిసింది తన మాటల్లో చెప్పేది. ఒళ్లు కాపలా కుక్కలాంటిది. దొంగ వచ్చినప్పుడు మొరగడం దాని ధర్మం. ఒక్కోసారి దొంగ పోయి పదేళ్లయినా మొరుగుతూనే ఉంటుంది. పుండు మానిపోతుంది, మొరుగుడు మానదు. ఆ మొరుగుడే నొప్పి. కర్ర తీసుకుని కొడితే ఇంకా మొరుగుతుంది. పక్కన కూర్చుని, నేనుండాను లేవే అన్నట్టు చెయ్యి వేస్తే ఎప్పుడో ఒకప్పుడు పడుకుంటుంది. అది పడుకున్నదని తెలిసే గుర్తు ఒకటుంది. కడుపు గుర్రుమంటుంది. మనిషి భయంలో ఉన్నంతసేపు కడుపు నోరు మూసుకుని ఉంటుందనీ, భయం దిగితేనే మాట్లాడుతుందనీ ఆమె లెక్క. ఎవరి కడుపైనా గుర్రుమంటే వాళ్లు సిగ్గుపడేవాళ్లు. ఆమె మాత్రం వాన చినుకు విన్న రైతులాగా సంతోషపడేది.

భర్త ఆనందయ్య మిషన్ బడిలో అయ్యవారు. ఆయన జ్వరంతో పోయినాక ఆమె ఉద్యోగం మాని, ఆయన కట్టుకున్న ప్రొద్దుటూరు ఇంటికి వచ్చేసింది. వీధివైపు ఒక గది, గదిలో ఒక నులకమంచం, మంచం తలాపున ఒక కిటికీ. వచ్చేవాళ్లను ఆమె రెండు విషయాలు అడగదు. ఒకటి, ఏ ఊరు. రెండు, ఏ పార్టీ. మన ప్రాంతంలో ఈ రెండూ ఒకే ప్రశ్న.

చెన్నకేశవను ఆమె దగ్గరికి పంపింది గఫూరే. ఆ మనిషి భుజం రాయిలాగుంది, తొక్కేకొద్దీ ఇంకా బిగుస్తోంది, నా వల్ల కాలేదక్కా అని కబురు చెప్పి పంపినాడు.

చెన్నకేశవది సింహాద్రిపురం పక్కన గుండ్లవంక అనే పల్లె. గొర్రెలు మేపే ఇంటివాడు. ఆ పల్లెల్లో పార్టీ అంటే జెండా కాదు, మనుషులు. జెండాలు మారుతుంటాయి. పులివెందులలో ఉండే పార్టీ పెద్దాయన ఏ జెండా పట్టుకుంటే సగం ఊరు ఆ జెండా, ఎదుటి పార్టీ ఆయన ఏది పట్టుకుంటే మిగతా సగం అది. నడుమ నిలబడతానన్నవాడి గొర్రెలు రెండు వైపులా చస్తాయి. అందుకని చెన్నకేశవ తండ్రి పెద్దాయన వైపు నిలబడినాడు, కొడుకు ఇరవై రెండో ఏట పెద్దాయన జీపులో వెనక సీటెక్కినాడు. పదేళ్ల కిందట వంక దాటుతుంటే ఆ జీపు మీద బాంబు పడింది. పక్కన కూర్చున్నవాడు అక్కడికక్కడే పోయినాడు. ఇతని కుడి భుజంలో దిగిన మేకు ముక్కలను డాక్టర్లు తీసేశారు. రెండు నెలల్లో గాయం మానింది. నొప్పి మాత్రం ఉండిపోయింది.

కడపలో చూపించినాడు, కర్నూలులో చూపించినాడు. ఫొటోలు తీసి, ఎముక బాగుంది, నరం బాగుంది, నీకేమీ లేదు పొమ్మన్నారు. ఏమీ లేకపోతే అన్నం ముద్ద నోటిదాకా ఎందుకు రాదో ఎవరూ చెప్పలేదు. పల్లెలో వాతలు పెట్టించుకున్నాడు. వీపు మీద ఆ మచ్చలు వరసగా ఉన్నాయి. పదేళ్లుగా పడుకుని నిద్రపోలేదు. గోడకు వీపు ఆనించి, వాకిలి వైపు ముఖం పెట్టి, కూర్చుని కునుకు తీస్తాడు. అతని పెళ్లాం పెంచలమ్మ తోడు వచ్చి ఈ సంగతంతా చెప్పింది. అతనికి కావలసింది ఒక్కటే.

"భుజం బాగుగాకపోయినా మాన్లేమ్మా," అన్నాడు చెన్నకేశవ. "ఒక్క పొద్దన్నా వీపు మంచానికి ఆనిచ్చి పండుకోవాల. అంతే."

మొదటిరోజు అతను మంచం మీద కూర్చోలేదు. గదంతా కలయజూసి, మంచాన్ని తిప్పితే వాకిలి కనిపిస్తుందన్నాడు. రూతమ్మ తానే ఒక కొస పట్టి తిప్పింది. కుక్క ఎటు చూస్తానంటే అటు చూడనివ్వాలి. అతని వెంట ఎప్పుడూ కృష్ణయ్య అనే మనిషి ఉండేవాడు. పెద్దాయన జీపు నడిపేవాడు, పెద్దాయనకు కళ్లూ చెవులూ అతనే. పార్టీ మనిషి ఒంటరిగా ఊరు దాటకూడదని వాళ్ల కట్టుబాటు. ప్రతి బేస్తవారం జీపు ప్రొద్దుటూరు వచ్చేది. కృష్ణయ్య కిటికీ కింద అరుగు మీద కూర్చుని, వక్కాకు నములుతూ, లోపలి పని అయ్యేదాకా వీధిని కాపు కాసేవాడు.

మూడు బేస్తవారాలు ఏమీ జరగలేదు. రూతమ్మ అతని భుజం కింద చెయ్యి పెడుతుంది. వీధిలో స్కూటరు పోతుంది. చెయ్యి కింద కండ ఎగిరిపడుతుంది. ఆమె ఊపిరి నిదానంగా తీసి, అతనికి వినబడేటట్టు వదులుతుంది. అతను బిగబట్టుకునే ఉంటాడు. నాలుగోసారి అతను ఉన్నట్టుండి, ఇది నాకు తెలిసిన పనేనమ్మా అన్నాడు. గొర్రెకు బొచ్చు తీసేటప్పుడు దాన్ని కూర్చోబెట్టి, మెడ కింద చెయ్యి వేసి కదలకుండా ఉంటారట. మొదట తన్నుకుంటుందట. కాసేపటికి కాళ్లు నాలుగూ జారవిడిచి మనిషి ఒళ్లోకి బరువంతా ఇచ్చేస్తుంది. అప్పుడు వాళ్లు, వదిలేసింది అంటారట.

"వదిలేసినాకనే కత్తెర పెడతాము," అని నవ్వినాడు. అతను నవ్వగా ఆమె చూడటం అదే మొదటిసారి.

ఆ మాట రూతమ్మకు నచ్చింది. ఇరవై ఏళ్లుగా తన పనికి పేరు లేదు, ఇతను ఒక్క మాటలో పెట్టినాడు. అప్పటినుంచి ఆమె కూడా ఆ మాటే వాడింది. బరువు నా చేతికిచ్చి వదిలెయ్ నాయనా, వదిలెయ్ అనేది. నెలలు గడిచేకొద్దీ అతని ఊపిరి పొట్టదాకా దిగింది. ఒకరోజు ఒళ్లంతా చలిజ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోయింది. అతను బెదిరిపోతే, మంచిదే, పదేళ్ల నాటి వణుకు ఇప్పుడు బయటికొస్తోందని ఆమె చెప్పింది. సంక్రాంతి పోయి శివరాత్రి వచ్చేసరికి అతను కుడిచేత్తో అన్నం తింటున్నాడు. శివరాత్రి పోయిన వారానికి పెంచలమ్మ ఒక నల్ల గొంగడి చంకన పెట్టుకుని వచ్చింది. మూడు దినాలుగా ఈ మనిషి మంచం మీద వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడని చెప్పి, గొంగడి రూతమ్మ చేతిలో పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది తమ గొర్రెల బొచ్చుతో నేయించిన గొంగడి. రూతమ్మ దాన్ని నులకమంచం మీద పరిచింది. బతుకులో ఒక్కసారైనా ఒక మనిషి బరువును పూర్తిగా దించగలిగానని ఆమెకు గర్వం కలిగింది. కలిగితే తప్పేముంది?

అది తొంభై అయిదు. పంచాయతీ ఎలక్షన్లు వస్తున్నాయి. గోడల మీద సున్నం కొట్టి పేర్లు రాస్తున్నారు, పల్లెల్లో కందెనలు పూసి దాచిన ఆయుధాలు బయటికి తీస్తున్నారు. ఒక బేస్తవారం చెన్నకేశవ వచ్చేసరికి భుజం మళ్లీ కొంచెం బిగిసి ఉంది. ఎలక్షన్లు అయ్యేదాకా ఇంతేలేమ్మా అన్నాడు. రూతమ్మ చెయ్యి పెట్టి శానాసేపు కూర్చుంది.

"ఎవురి కోసరం మోస్తాండావు నాయనా ఇంత బరువు?" అంది. "వదిలెయ్."

ఆ మాటకు అతనిలో ఏదో తెగింది. పెద్దగా ఊపిరి వదిలినాడు, కండ్ల నీళ్లు చెవుల్లోకి జారినాయి. ఆమె చేతిలోకి బరువంతా వచ్చింది. కడుపు గుర్రుమంది.

"వదిలేసినానమ్మా," అన్నాడు. "అంతా వదిలేసినా."

కిటికీ కింద కృష్ణయ్య వక్కాకు నమలడం ఆపినాడు.

అతన్ని తప్పు పట్టి లాభం లేదు. వదిలేయడం అనే మాటకు గొర్రెలకాపరి దగ్గర ఒక అర్థం, పార్టీ మనిషి దగ్గర ఒకే ఒక్క అర్థం. వదిలేసినాడంటే పార్టీ వదిలేసినాడని. అందులోనూ చెప్పించిందెవరు? కిరస్తానపు ఆమె. ఆ మధ్య అటువైపు పల్లెల్లో ఇద్దరు ముగ్గురు కత్తులు పారేసి, బైబిలు పట్టుకుని, ప్రార్థనలకు పోతున్నారని అందరికీ తెలుసు. లోపల ఏడుపు, ఎవరి కోసం మోస్తున్నావని ప్రశ్న, అంతా వదిలేసినానని ఒట్టు. ఇంకేం కావాలి? ఎలక్షన్లకు ఇరవై దినాల ముందు వదిలేసినవాడు ఎదుటివాళ్లకు మన గుట్టు చెప్పకుండా ఉంటాడా? అట్లా లెక్క కట్టి కృష్ణయ్య ఆ సాయంత్రమే పులివెందులలో పెద్దాయన చెవిన వేసినాడు.

మరుసటి బేస్తవారం చెన్నకేశవ రాలేదు. కృష్ణయ్య ఒక్కడే వచ్చినాడు. చెప్పులు అరుగు మీద విడిచి, గదిలోకి వచ్చి, నులకమంచం మీద కూర్చుని, మర్యాదగానే అడిగినాడు. చెన్నకేశవ ఏం వదిలేసినాడో చెప్పమన్నాడు. రూతమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమైనాక తొందర తొందరగా చెప్పుకొచ్చింది. భుజం నాయనా, భుజం వదిలేసినాడు, అంతకన్నా ఏమీ లేదంది. గొర్రె సంగతి చెప్పింది, కుక్క సంగతి చెప్పింది, కడుపు గుర్రుమనడం కూడా చెప్పింది. కృష్ణయ్య అంతా ఓపిగ్గా విన్నాడు.

"భుజం ఎట్ల వదిలేస్తారమ్మా?" అన్నాడు. "అది ఒంటికి అతుక్కోనుండాది గదా."

చెప్పి లేచి పోయినాడు.  ఆమె గఫూర్ దగ్గరికి పరుగెత్తింది. గఫూర్ నవ్వలేదు. వదిలేసినవాడిని రెండు వైపులవాళ్లూ వదలరక్కా అన్నాడు. ఇటువైపు వాళ్లు అనుమానంతో, అటువైపు వాళ్లు అండ పోయిందని. పోయి పెద్దాయనకు నువ్వే చెప్పు, ఆయన ఆడవాళ్ల మాట వింటాడంటారు అని ఆమెను బస్టాండుదాకా తానే దిగబెట్టి, పులివెందుల బస్సెక్కించినాడు.

ముద్దనూరు మీదుగా ఆ బస్సు పోయినంతసేపు ఆమె చెప్పవలసిన మాటలు కూడబలుక్కుంది. గొర్రె, కుక్క, కడుపు ఏవీ పనికిరావని కృష్ణయ్య ముఖంలో చూసింది. నంగి నంగిగా చెబితే అనుమానం ఇంకా పెరుగుతుంది. ఒక్క మాటలో తేలిపోవాలి. ఆ మనిషిని బతికించాలి, అంతే.

పెద్దాయన ఇంటి ముందు జనం కిటకిటలాడుతున్నారు. అర్జీలు పట్టుకున్నవాళ్లు, కండువాలవాళ్లు, కంబళ్లు కప్పుకుని కంబళ్ల కింద చేతులు దాచుకున్నవాళ్లు. ఆమెను ఎవరూ తరిమేయలేదు. నీడన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చినారు. మధ్యాహ్నం తిరిగాక పెద్దాయన పిలిపించినాడు. సన్నగా, నెమ్మదిగా, బడిపంతులులాగా ఉన్నాడు. జమ్మలమడుగు ఆసుపత్రిలో ఆమె తన మనుషులను ఎంతమందిని చూసుకున్నదో తనకు తెలుసన్నాడు. రూతమ్మకు కొంచెం ధైర్యం వచ్చింది. చెన్నకేశవ సంగతి చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపినాడు.

"ఒకటే మాట రూతమ్మా. ఆయప్ప మమ్మల్ని వదిలేసినాడా, లేదా?"

"లేదు సామీ," అంది ఆమె తడుముకోకుండా. "వదిలేయలేదు. నీ మనిషే. ముందెట్లుండాడో ఇప్పుడూ అట్లే ఉండాడు. నాదీ పూచీ."

 ఆయన నవ్వినాడు. నీ మాట చాలమ్మా, వాడు పాత వాడే అంటే నాకూ సంతోషమే అన్నాడు. ఎలక్షన్ నాడు ముందు బండిలో కూర్చోబెడతాం లెమ్మని పక్కవాళ్లతో చెప్పినాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దేవునికి స్తోత్రం చెప్పుకుంది. వేరుశనక్కాయలు కొనుక్కుని తిన్నది కూడా. ముందు బండి అన్న మాట ఆమె చెవిన పడింది, తలకెక్కలేదు. మంచి సీటు ఇస్తున్నారనుకుంది. ఆ అమాయకత్వానికి నవ్వాలో, నెత్తి కొట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు.

ఎలక్షన్‌కు ముందు రోజు చెన్నకేశవ వచ్చినాడు. బేస్తవారం కాదు. కృష్ణయ్య మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. రూతమ్మ ఎదురుపోయి, నీ మీద అనుమానం తీరిపోయింది నాయనా, నేనే పోయి చెప్పి వచ్చినా అని సంబరంగా చెప్పింది. తెలుసమ్మా అన్నాడు అతను. మంచం మీద కూర్చున్నాడు గానీ పడుకోలేదు. ఆమె అలవాటుగా భుజం మీద చెయ్యి వేసింది. పదేళ్ల నాటి రాయి మళ్లీ అక్కడే ఉంది. ఆమె చెయ్యి నిలిపి, ఊపిరి తీసి వదలబోయింది. అతను ఆ చేతిని మెల్లగా పట్టుకుని పక్కకు తీసినాడు.

"ఈ పొద్దు వద్దులేమ్మా. రేపు ముందు బండి నాది. మెత్తబడితే పనికిరాను."

అప్పుడు తలకెక్కింది ఆమెకు. బాంబు మొదట పడేది ముందు బండి మీద. ముందు బండిలో కూర్చున్నవాడు దిగి మొదట విసరాలి కూడా. నమ్మకం పోయినవాడిని నమ్మినట్టు చూపించడానికి పార్టీలో ఉన్న దారి అదొక్కటే. పాత వాడే అని పూచీ పడి, పాత పనికే అతన్ని పంపింది తానే.  పారిపో నాయనా అందామంటే ఎక్కడికి? గొర్రెలుండాయి, పెళ్లాముంది, కిటికీ కింద కృష్ణయ్య ఉన్నాడు.

చెన్నకేశవ ఆమెను ఒక్క మాట కూడా నిష్ఠూరం ఆడలేదు. ఆడి ఉంటే బాగుండేది. మూడు నెలలు వీపు ఆనించి నిద్రపోయినాను, అది చాలు అన్నాడు. పోతూ పోతూ నులకమంచాన్ని వాకిలి వైపునుంచి తిప్పి, గోడవైపు మామూలుగా వేసిపోయినాడు.

మరునాడు పొద్దెక్కేసరికి గుండ్లవంక దారిలో ముందు బండి మీద బాంబులు పడినాయి. ఎవరు ముందు విసిరినారన్నది ఇప్పటికీ రెండు రకాలుగా చెబుతారు. ముగ్గురు పోయినారు. అందులో చెన్నకేశవ ఒకడు. వెనక బండిలో ఉన్న కృష్ణయ్యకు గీత కూడా పడలేదు. పెద్దాయన మనిషే సర్పంచుగా గెలిచినాడు. పల్లెలో టపాకాయలు కాల్చినారని గఫూర్ విని వచ్చి చెప్పినాడు. చెప్పి, తన వల్ల కాని ఆ భుజాన్ని ఆమె దగ్గరికి పంపింది తానేనని, పంపకుండా ఉంటే ఆ మనిషి నొప్పితోనైనా బతికి ఉండేవాడని అన్నాడు. అంత లావు పహిల్వాన్ అరుగు మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చినాడు. రూతమ్మకు ఏడుపు రాలేదు. నొప్పే అతన్ని కాపాడుతూ వచ్చిందా, తాను కుక్కను నిద్రపుచ్చి దొంగకు తలుపు తీసిందా అన్న ప్రశ్న ఒకటి పట్టుకుంది. ఆ ప్రశ్నకు ఎవరూ చెయ్యి పెట్టలేరు.

ఆమె పని మానలేదు. మానితే ఏం తిని బతుకుతుంది? వచ్చినవాళ్లకు చెయ్యి పెట్టింది. ఆ మాట మాత్రం మళ్లీ నోట రానివ్వలేదు. వదిలెయ్ అనవలసిన చోట నాలుక కరుచుకుని ఊరకుండేది. కిటికీకి చెక్క కొట్టించింది. గదిలో గాలి ఆడక వచ్చినవాళ్లకు చెమట పట్టేది. చాలామందికి తగ్గలేదు. రూతమ్మ చెయ్యిలో ఇదివరకటి గుణం పోయిందని జనం మళ్లీ గఫూర్ మోచేతి కిందికి పోసాగినారు. అది నిజమే కావచ్చు. చేతిని పెట్టేది ఒళ్లే గదా, ఆ ఒళ్లే బిగదీసుకుని ఉంటే ఎదుటివాళ్లది ఎట్లా దిగుతుంది?

ఏడాది తిరగబోతుండగా ఒక బేస్తవారం పెంచలమ్మ వచ్చింది. మనిషి సగమైంది. వాకిట్లోనే నిలబడి, కుడి భుజం ఎత్తలేకపోతున్నానని, గొర్రెలకు నీళ్లు తోడలేకపోతున్నానని చెప్పింది. కూర్చునే కునుకు తీస్తోందట, వాకిలివైపు చూస్తూ. రూతమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయింది. మంచం మీద ఆ నల్ల గొంగడి అట్లాగే ఉంది. పెంచలమ్మ దాన్ని చూసి, చూడనట్టు కూర్చుంది.

"ఒక మాట అడుగుతానమ్మా," అంది. "నీ మనిషే అని పెద్దాయనకాడ పూచీ పడింది నువ్వేనంట గదా?"

"నేనే," అంది రూతమ్మ. అబద్ధం చెప్పడానికి ఆమెకు ఓపిక లేదు. పోతుందేమో, తిడుతుందేమో, మన్ను పోస్తుందేమో అని తల వంచుకుని నిలబడింది. దేనికైనా సిద్ధంగానే ఉంది.  పెంచలమ్మ మెల్లగా గొంగడి మీద ఒక పక్కకు ఒరిగి పడుకుంది.

"సరే. చెయ్యి పెట్టు."

రూతమ్మ భుజం కింద చెయ్యి పెట్టింది. ఆ రాయిని ఆమె ఎరుగును. అదే చోట, అదే బిగువు, మొగుడిది పెళ్లానికి వచ్చింది. ఇద్దరూ చెక్క కొట్టిన కిటికీ కింద ఉక్కపోతలో ఊరకున్నారు. గంట గడిచింది. కండ కదల్లేదు, కడుపు పలకలేదు.

"ఆయప్పకు ఒక మాట చెప్పేదానివంట," అంది పెంచలమ్మ కళ్లు తెరవకుండానే. "అది నాకూ చెప్పమ్మా."

మాట రూతమ్మ నాలుక మీదికి వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. ఆమె నోరు తెరిచి, మూసి, తల అడ్డంగా ఆడించింది. పెంచలమ్మ కళ్లు తెరిచి చూసింది.

"చెప్పకపోతే మాన్లే," అంది. "చెప్పినా, వదిలేసేదానికి నాకాడ ఇంగ ఏముండాది?"

చెయ్యి తియ్యమని పెంచలమ్మ అనలేదు, రూతమ్మ తియ్యలేదు. పులివెందుల బస్సుకు వేళయ్యేదాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు.